ఆరు గంటల తర్వాత సమాచారం లేదు

ఆ గురువారం మధ్యాహ్నం రెండు గంటలకు ఇంట్లో తను తప్ప మరో ప్రాణి ఉండకూడదని బెగిమాయ్ వారం ముందే పథకం వేసుకుంది. అది పెద్ద కష్టమైన పథకమేమీ కాదు. వాళ్లమ్మ జూన్ నెల నుంచీ పశువులతో కొండమీది మేతభూముల్లోనే ఉంది. సెప్టెంబరు దాకా దిగిరాదు, అక్కడ ఫోను కూడా పనిచేయదు. కుక్కను పెరటి చివర కట్టెయ్యవచ్చు. మిగిలింది నాయనమ్మ బురుల్. ఇంటికి ఇంటర్నెట్ తీగ నాయనమ్మ గది కిటికీలోంచి వచ్చింది కాబట్టి పరీక్షకు కూర్చోవలసింది ఆ గదిలోనే. ఆ గదిలో పొద్దు పొడిచినప్పటి నుంచీ రేడియో మోగుతుంది. రేడియో చెప్పే ప్రతి వార్తకూ నాయనమ్మ జవాబు చెబుతుంది. ఎనభై ఒక్కేళ్ల మనిషిని తన గదిలోంచి తననే లేచి వెళ్లమనడం ఆ ఇంట్లో ఎవరి తరమూ కాదు. అదృష్టం కొద్దీ నారిన్ పట్నం ఆసుపత్రిలోని పళ్ల డాక్టరు, ఆవిడ కట్టుడు పళ్లు తయారయ్యాయని కబురు పెట్టాడు. సరిగ్గా గురువారమే రమ్మన్నాడు. తెల్లవారి ఆరింటికల్లా తండ్రి తాలాయ్ ఆవిడను కారెక్కించుకుని బయలుదేరాలి, డాక్టరు పని చూసుకుని, బజారు పని చూసుకుని, సాయంత్రానికి తిరిగి రావాలి.

పరీక్ష ఇంగ్లిష్‌ది. స్కాట్లాండులోని ఒక విశ్వవిద్యాలయం బెగిమాయ్‌కి మేతభూముల శాస్త్రంలో పై చదువుకు సీటిచ్చింది. ఖర్చంతా తామే పెట్టుకుంటామంది. షరతు ఒక్కటే. చదువు మొదలయ్యేలోగా పది వారాలు ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని చదువుల ఇంగ్లిష్ నేర్చుకోవాలి, చివర నోటిపరీక్ష నెగ్గాలి. ఒకసారి తప్పితే మళ్లీ పెట్టరు. బెగిమాయ్‌కి ఇంగ్లిష్ కొత్త కాదు. యాత్రికులకు గుర్రాలు అద్దెకిచ్చేచోట నాలుగు వేసవులు పనిచేసింది. కానీ ఈ గుర్రం కరవదు అని చెప్పడానికి కావలసిన ఇంగ్లిష్ వేరు, విశ్వవిద్యాలయంలో వ్యాసం రాయడానికి కావలసిన ఇంగ్లిష్ వేరు. మొదటి వ్యాసంలో ఆమె "గొర్రెలు ఎక్కువైతే గడ్డి నాశనమవుతుంది" అని రాసింది. పాఠం చెప్పే ఐలీన్ గారు ఆ వాక్యం చుట్టూ ఎర్రసిరాతో నాలుగు ప్రశ్నలు వేసింది. ఎవరన్నారు? అన్నిచోట్లానా? ఏ సంవత్సరం? మీరు చూశారా? అన్నిటికీ కింద, "మీ వాక్యాలకు ధైర్యం మరీ ఎక్కువ" అని రాసింది.

ధైర్యం తగ్గించుకోవడానికి బెగిమాయ్ తనకు తోచిన దారి పట్టింది. పరీక్షకు పది రోజుల ముందు నుంచి ఇంట్లో, వీధిలో, సొంత భాషలో కూడా ఏ విషయాన్నీ గట్టిగా చెప్పడం మానేసింది. నాలుక అలవాటు పడితే ఏ భాషలోనైనా అదే వస్తుందని ఆమె నమ్మకం. సూప్‌లో ఉప్పు సరిపోయిందా అని తండ్రి అడిగితే, "కొంతమేరకు తగ్గి ఉండవచ్చని నాకనిపిస్తోంది, మిగతావాళ్ల అభిప్రాయం కూడా తీసుకోవాలి" అంది. బయట వాన పడుతోందా అని నాయనమ్మ అడిగితే, కిటికీలోంచి కాసేపు చూసి, "వాన అనదగ్గది పడుతున్నట్టుంది" అంది.

"పిల్లకి ఎండ దెబ్బ తగిలిందా ఏమిట్రా?" అని నాయనమ్మ కొడుకును అడిగింది.

"చదువమ్మా," అన్నాడు తాలాయ్. "తగ్గిపోతుందిలే."

గురువారం అంతా అనుకున్నట్టే మొదలైంది. ఆరింటికి కారు కదిలింది. కదిలేముందు నాయనమ్మ అద్దం దించి, పళ్ల సంగతి వీధిలో ఎవరికీ చెప్పనని మనవరాలి చేత ఒట్టు వేయించుకుంది. ముఖ్యంగా పక్కింటి జూపార్‌కి తెలియకూడదు. కాలువ నీళ్ల వంతు గురించి ఆ ఇద్దరికీ పదకొండేళ్లుగా తగాదా. కిందటి నెల తగాదాలో జూపార్ మాటల్లో మాటగా "బోసినోటితో ఎంత అరుస్తావు" అనేసింది. ఆ మాట నాయనమ్మను పళ్ల డాక్టరు దాకా నడిపించింది. నోటినిండా పళ్లతో జూపార్ ఎదుట నిలబడేదాకా ఈ సంగతి బయటికి పొక్కకూడదు.

ఎనిమిదింటికి జూపార్ చిన్న గిన్నెలో మీగడ పట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది. తగాదా నీళ్ల దగ్గరే గానీ మీగడ దగ్గర లేదు.

"ఏమ్మా, మీ నాయనమ్మ లేదా? రేడియో వినపడకపోతే ఏదోలా ఉంది."

"నాన్న ఆరింటికే కార్లో నారిన్ ఆసుపత్రికి తీసుకెళ్లాడు పిన్నీ."

"ఆసుపత్రికా? నిన్న బాగానే ఉందిగా?"

బెగిమాయ్‌కి ఒట్టు గుర్తొచ్చింది. అలవాటూ తోడైంది. "నిన్న సాయంత్రం దాకా ఉన్న ఆధారాలను బట్టి బాగానే ఉన్నట్టు కనిపించింది. అంతకు మించి గట్టిగా చెప్పలేను."

"డాక్టరేమన్నాడే?"

"ఇక ఆలస్యం చెయ్యొద్దన్నాడు. అయితే అది ఒక్క డాక్టరు అభిప్రాయం."

జూపార్ గిన్నెను మెల్లగా గోడమీద పెట్టింది. "మళ్లీ ఎప్పుడొస్తుంది?"

"సాయంత్రానికి రావచ్చని ఒక అంచనా ఉంది పిన్నీ. మన చేతుల్లో లేని విషయాలు చాలా ఉన్నాయి కాబట్టి ఏదీ ఖాయం కాదు."

"మన చేతుల్లో ఏముంది తల్లీ," అని జూపార్ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ కన్నీళ్లు బెగిమాయ్ గమనించలేదు. ఇన్ని వాక్యాలు చెప్పి ఒక్కదాంట్లోనూ ధైర్యం చూపకుండా నెగ్గుకొచ్చినందుకు తనలో తనే మెచ్చుకుంటూ లోపలికి వెళ్లి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పరీక్షలో చెప్పవలసిన ప్రసంగం వల్లె వేసుకోవడం మొదలుపెట్టింది.

జూపార్ నేరుగా ఇంట్లోకి వెళ్లి వీధిపెద్ద ఒరోజ్‌కి ఫోన్ చేసింది. నీళ్ల వంతులు తేల్చేదీ, పెళ్లికైనా చావుకైనా వీధి తరఫున ముందు నిలబడేదీ ఒరోజే. "ఆసుపత్రికి తీసుకెళ్లిపోయారు. పిల్ల మాటలు చూస్తే ఆశ లేనట్టే ఉంది," అంది జూపార్. ఇలాంటి కబురు తోడబుట్టినవాడికి ముందు చేరాలి కాబట్టి ఒరోజ్ పక్క ఊళ్లో ఉన్న బురుల్ తమ్ముడు తోక్తోసున్‌కి ఫోన్ చేశాడు. తోక్తోసున్‌కి డెబ్బై ఎనిమిది. ఒక చెవి పనిచేస్తుంది, ఫోను మాత్రం ఎప్పుడూ రెండో చెవి దగ్గర పెడతాడు.

"మీ అక్కను తీసుకెళ్లిపోయారు," అన్నాడు ఒరోజ్.

ఆ చెవికి పోయారు అన్న ముక్క ఒక్కటే అందింది. తోక్తోసున్, "ఎన్నింటికి?" అని ఒక్క మాట అడిగాడు.

"ఆరింటికట."

దాంతో బురుల్ చనిపోయిన సమయం ఖాయమైంది. తోక్తోసున్ తన ముగ్గురు కొడుకులకు చెప్పాడు. కొడుకులు మేనత్తల వైపు, మేనమామల వైపు చెప్పారు. తొమ్మిదిన్నరకు కోచ్కోర్ ఊరి నుంచి తోక్తోసున్ రెండో కోడలు ఒరోజ్‌కే ఫోన్ చేసి, "పెద్దావిడ తెల్లవారి ఆరింటికి పోయిందట, మీకు తెలిసిందా?" అని అడిగింది. ఒరోజ్ టోపీ తీసి బల్లమీద పెట్టాడు. సొంత కుటుంబమే చెప్పాక ఇక అనుమానించడానికేముంది. తను మొదలుపెట్టిన కబురే ఊరంతా తిరిగి తన దగ్గరికి వచ్చిందన్న ఆలోచన ఆయనకు రాలేదు. వీధి గుడారం ఎవరింట్లో ఉందో కనుక్కుని నలుగురు మనుషుల్ని పంపించాడు.

పదకొండు దాటాక బెగిమాయ్ ఇయర్‌ఫోన్లు తీసి మంచినీళ్లకని లేచింది. కిటికీలోంచి చూస్తే వాకిట్లో నలుగురు మగవాళ్లు ఉన్ని గుడారానికి ఎర్రకర్రలు నిలబెడుతున్నారు. వంటింట్లో ఆడవాళ్లు పిండి పిసుకుతున్నారు. ఎవరో అప్పటికే బాణలిలో బోర్సోక్‌లనే పిండి ముక్కలు వేయిస్తున్నారు. పెరట్లో రెండు గొర్రెలను కోసి చర్మం తీస్తున్నారు. వాటి వాసనకు కుక్క అరుపు ఆపి చాలా మర్యాదగా కూర్చుంది.

ఆమె చెప్పుల్లేకుండా బయటికి వచ్చింది. ఒరోజ్ ఎదురొచ్చి ఆమె తల నిమిరాడు.

"ఏమ్మా, ఒక్కదానివే ఇంట్లో కూర్చున్నావా. మాకు కబురు పెట్టొద్దూ."

"ఏం కబురు పెదనాన్నా?"

"మీ నాయనమ్మ పోయిన కబురు."

"నాయనమ్మ పోవడమేంటి," అంది బెగిమాయ్. "నాకు తెలిసినంతవరకు బతికే ఉంది."

కర్ర పట్టుకున్నవాళ్లు ఆగి చూశారు. ఒరోజ్ జాగ్రత్తపరుడు. "నీకు తెలిసినంతవరకు అంటే?"

"ఆరింటికి కారెక్కినప్పుడు చూశాను. బాగానే ఉంది."

"ఆరు తర్వాత?"

పది రోజుల అలవాటు నాలుక మీదే కాచుక్కూర్చుంది. "ఆరు తర్వాత సమాచారం లేదు," అనేసింది.

ఒరోజ్ మనుషుల వైపు తిరిగి తల ఊపాడు. వాళ్లు కర్రలు మళ్లీ ఎత్తారు.

బెగిమాయ్ ఒట్టు గట్టున పెట్టేసింది. "పెదనాన్నా, నాయనమ్మ పళ్లు పెట్టించుకోవడానికి వెళ్లింది. కట్టుడు పళ్లు."

"ఎనభై ఒకటో ఏట?"

"అవును."

"మరి పొద్దున జూపార్‌తో ఆ ముక్క ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పొద్దని నాయనమ్మ ఒట్టు వేయించుకుంది."

"ఎంత ప్రేమ పెట్టుకుందో పాపం," అన్నాడు ఒరోజ్ పక్కనున్నవాళ్లతో. "ఇంకా నమ్మలేకపోతోంది. కాస్త టీ ఇవ్వండి."

ఆమె తండ్రికి ఫోన్ చేసింది. అందుబాటులో లేదంది. మళ్లీ చేసింది. మూడోసారి చేసేటప్పుడు గుడారం మీద ఉన్ని కప్పు పరుస్తున్నారు. ఎవరో ఆడమనిషి తెల్లగుడ్డ తల చుట్టూ కట్టుకుంటోంది. ఇరవైమంది ఒకే మాట చెబుతుంటే, కాదనేది తనొక్కతే అయ్యేసరికి, బెగిమాయ్‌కి కూడా అనుమానం మొదలైంది. నారిన్‌కి దారి దోలోన్ కనుమ మీదుగా. కారు పాతది. బ్రేకులు నొక్కితే కీచుమంటాయి. ఆరు తర్వాత తను నిజంగానే ఏమీ చూడలేదు. నాయనమ్మ గదిలోకి వెళ్లి, మోగని రేడియో ముందు మంచం మీద కూర్చుని, తనకు తెలియకుండానే ఏడ్చింది. తలుపు సందులోంచి చూసిన జూపార్ బయటికి వెళ్లి, "ఇప్పటికి నమ్మింది," అని చెప్పింది.

పన్నెండు కావొస్తుండగా తండ్రి దగ్గర నుంచి సందేశం వచ్చింది. "అంతా అయిపోయింది. తీసుకొస్తున్నాను." దాని కింద రెండో వరుస. "ఏదైనా మెత్తగా వండి ఉంచు, నమలలేదు."

బెగిమాయ్‌కి ప్రాణం లేచొచ్చింది. ఫోను పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తి జూపార్ చేతిలో పెట్టింది. "చూడు పిన్నీ. నాన్నే రాశాడు. చదువు."

జూపార్ కళ్లద్దాలు ఇంట్లో ఉన్నాయి. ఫోనును చేయి చాచినంత దూరంలో పట్టుకుని, కంటికి ఆనిన మొదటి వరుస అందరికీ వినపడేలా చదివింది. "అంతా అయిపోయింది. తీసుకొస్తున్నాను."

ఆ మాటతో ఆడవాళ్లంతా ఒక్కసారిగా గొల్లుమన్నారు. "రెండో వరుస చదువు పిన్నీ," అని బెగిమాయ్ అంటూనే ఉంది. ఆ ఏడుపులో రెండో వరుస ఎవరికి కావాలి. ఒరోజ్ ఫోను అందుకుని తనే చదివాడు. "నమలలేదు అంటే, పొద్దుట్నుంచీ తాలాయ్ ఏమీ తినలేదన్నమాట," అన్నాడు. "దుఃఖంలో ముద్ద దిగుతుందా. కాస్త జావ కాచి ఉంచండమ్మా."

రెండుకు అయిదు నిమిషాలు ఉండగా బెగిమాయ్ ఇక వాదించడం మానేసింది. నాయనమ్మ బతికే ఉందని తనకు తెలుసు. మిగతావాళ్లకు కారు రాగానే తెలుస్తుంది. పరీక్ష మాత్రం ఆగదు. గది తలుపు వేసి, తలుపుకు అడ్డంగా పెట్టె జరిపి, కంప్యూటర్ తెరిచింది.

తెరమీద ఇద్దరు కనిపించారు. ఒకరు ఐలీన్ గారు. రెండో ఆయన నెరిసిన గడ్డం పెద్దమనిషి. నవ్వేవాడిలా లేడు. బెగిమాయ్ నమస్కరించి మొదలుపెట్టింది. విషయం మేతభూముల గురించి. పాత లెక్కలు లేనిచోట పశువుల కాపర్ల జ్ఞాపకాన్ని ఆధారంగా తీసుకోవచ్చా అన్నది. తీసుకోవచ్చని నిరూపించడానికి పది వారాలు కష్టపడింది. రెండు నిమిషాలు బాగానే సాగింది.

మూడో నిమిషంలో తోక్తోసున్ వచ్చాడు. ఆ వైపు చావింటికి వచ్చే మగవాడు వీధి మలుపు నుంచే ఏడుస్తూ రావాలి. తోక్తోసున్ మనసారా ఏడిచాడు. ఓ చేత్తో బలిసిన ఆడగుర్రాన్ని నడిపించుకుంటూ, "నన్ను ఎత్తుకు పెంచిన నా అక్కా, నా కొండ కూలిపోయిందే అక్కా," అని గోడలు దద్దరిల్లేలా అరుస్తూ గేటులోకి వచ్చాడు. గుడారంలోంచి ఆడవాళ్ల ఏడుపు ఆయనకు ఎదురెళ్లింది.

"క్షమించాలి," అంది ఐలీన్ గారు. "అక్కడ అంతా క్షేమమేనా?"

"వాకిట్లో కర్మకాండ జరుగుతోంది," అంది బెగిమాయ్.

ఇద్దరూ కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నారు. "అయ్యో. ఎవరు పోయారు?"

"మా నాయనమ్మ."

"పరీక్ష వాయిదా వేద్దాం. ఇలాంటి సందర్భాలకు మాకు నిబంధన ఉంది. ఒక మరణ ధ్రువపత్రం పంపితే సరిపోతుంది."

"పంపలేనండీ. ఆవిడ బతికే ఉంది."

నెరిసిన గడ్డం ఆయన కలం కింద పెట్టాడు. "బతికే ఉందని ఎవరన్నారు?"

బెగిమాయ్‌కి ఆ క్షణంలో నేర్చుకున్న జాగ్రత్త వాక్యాలన్నీ వరుసగా గుర్తొచ్చాయి. ఒక్కటీ వాడబుద్ధి కాలేదు. "నేనంటున్నాను. బతికే ఉంది. దారిలో ఉంది," అంది.

సరిగ్గా ఆ సమయానికి కారు వీధి చివరికి వచ్చింది. బజారు పని పెట్టుకోవడానికి బురుల్ ఒప్పుకోలేదు. ఎనిమిదేళ్ల తర్వాత నోట్లో పళ్లు పడ్డాయి, వాటిని బంగాళాదుంపల వాళ్లకు చూపించి ఏం లాభం, జూపార్‌కి చూపించాలి గానీ, అని కొడుకును తొందరపెట్టింది. వీధంతా కార్లు ఆగి ఉండడంతో తాలాయ్ మలుపులోనే ఆపి, చోటు వెతుక్కుంటూ ఉండిపోయాడు. ఆవిడ దిగి నడుచుకుంటూ ఇంటికి వచ్చింది. వాకిట్లో గుడారం చూసి నడక వేగం పెంచింది. కొండమీద కోడలికి ఏమైనా అయిందా, మనవరాలికా. గుడారం పక్కన తమ్ముడు అటువైపు తిరిగి కర్రకు తల ఆనించి ఏడుస్తున్నాడు.

"ఎవర్రా పోయింది?" అని ఆవిడ వెనక నుంచి గాభరాగా అడిగింది. కొత్త పళ్లతో గొంతు ఈల వేసినట్టు వచ్చింది.

"మా అక్క," అన్నాడు తోక్తోసున్ తిరిగి చూడకుండా.

"ఏ అక్క?"

"నాకు ఎంతమంది అక్కలున్నారమ్మా. ఒక్కతే. బురుల్."

ఆవిడకు ముందు మనసు తేలికపడింది. కోడలూ మనవరాలూ క్షేమం. పోయింది తనే. తర్వాత, ఇదేదో తేల్చుకోవాలనిపించి గుడారంలోకి వంగి వెళ్లింది. ఆడవాళ్లంతా ఆచారం ప్రకారం గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నారు. పళ్లు పడ్డాక బుగ్గలు నిండి ఆవిడ ముఖం పదేళ్లు వెనక్కి వెళ్లింది. ఓరగా చూసిన ఒకామె పట్నం చుట్టమనుకుని జరిగి చోటిచ్చింది. బురుల్ కూర్చుంది. అప్పుడు ఏడుపు పాట అందుకున్నది జూపార్.

జూపార్ గొంతు మంచిది. పదాలు కూడా వాటంతట అవే వస్తున్నాయి. పెద్దావిడ చేతి రొట్టె గురించి పాడింది. ప్రసవ సమయంలో మంచు తుపానులో నడిచొచ్చి తనకు పురుడు పోసిన సంగతి పాడింది. అది నిజమే, బురుల్‌కి కూడా కళ్లు చెమర్చాయి. చివరికి జూపార్ గుండెలు బాదుకుంటూ, "కాలువ నీళ్లు నావి కాకపోయినా నాకొదిలేసి, నీ తోట ఎండబెట్టుకున్న తల్లీ," అని అందుకుంది.

"ఆ మాట ఇంకోసారి అను," అంది వెనక నుంచి పట్నం చుట్టం. "బయట ఒరోజ్ ఉన్నాడు, వినపడేలా అను."

జూపార్ వెనక్కి తిరిగింది. ఎదురుగా నోటినిండా పళ్లతో బురుల్ నవ్వుతోంది. ఆ తర్వాత గుడారంలోంచి వచ్చిన కేక, తోక్తోసున్ ఏడుపును మించి గదిలో కంప్యూటర్ తెరను దాటి స్కాట్లాండు దాకా వినపడింది. అందరూ గుడారంలోంచి బయటికి తోసుకొచ్చారు. తోక్తోసున్ అక్కను చూసి గుర్రం పగ్గం వదిలేశాడు. ఆవిడ చేయి పట్టుకుని, నాడి చూసి, ఆ చేయి మళ్లీ వదలలేదు. ఏడవడం మాత్రం ఆపలేకపోయాడు. మొదలుపెట్టిన ఏడుపు అంత తొందరగా తిరిగిపోదు.

"ఈ గుర్రమెందుకు?" అని అడిగింది బురుల్.

"నీ కోసం కోద్దామని."

"ఒరే, అది చూలుతో ఉంది, కనపడ్డంలా? తీసుకెళ్లి నీడన కట్టు." తర్వాత చుట్టూ చూసి, "పిల్ల ఏది?" అంది.

"నీ గదిలో కూర్చుని తలుపేసుకుంది," అన్నాడు ఒరోజ్. "ఒక్కతే ఏదో భాషలో మాట్లాడుకుంటోంది. పాపం, తట్టుకోలేకపోయినట్టుంది."

తలుపుకు అడ్డం పెట్టిన పెట్టె బురుల్‌ను ఆపలేకపోయింది. ఆవిడ వెనక తమ్ముడు, ఆయన వెనక జూపార్, గుమ్మంలో ఒరోజ్. బెగిమాయ్ కుర్చీలోంచి లేచి నాయనమ్మను కావలించుకుంది. రెండు నిమిషాలు పరీక్ష సంగతి ఆమెకు గుర్తు లేదు.

"ఆవిడేనా?" అని తెరమీంచి ఐలీన్ గారు మెల్లగా అడిగింది.

"ఆవిడే. మా నాయనమ్మ."

"చాలా సంతోషం," అంది ఐలీన్ గారు. నిజంగానే సంతోషంగా కనిపించింది. నెరిసిన గడ్డం ఆయన మాత్రం కలం మళ్లీ అందుకున్నాడు. "మీరు ఊళ్లో వాళ్ల మాటను ఆధారంగా తీసుకోవచ్చని వాదిస్తున్నారు," అన్నాడు. "ఈ రోజు మీ ఊరివాళ్లంతా ఒక్కమాటగా ఒక మరణం జరిగిందన్నారు. దీనికి మీ జవాబేమిటి?"

దానికి జవాబు ఏ పుస్తకంలోనూ రాసి లేదు. బెగిమాయ్ గుమ్మంలో నిలబడినవాళ్లను ఒక్కొక్కరినే చూసింది.

"వీళ్లలో చూసినవాళ్లు ఒక్కరూ లేరండీ," అంది. "అందరూ విన్నవాళ్లే. మొదట విన్నది నా నోటి నుంచే. నేను సూటిగా చెప్పలేదు. తప్పు నాది. కానీ గడ్డి విషయంలో అలా కాదు. మా నాయనమ్మ యాభై వేసవులు ఆ కొండమీద ఉంది. గడ్డి గురించి ఆవిడ విన్నది చెప్పదు, చూసింది చెబుతుంది."

"అడగవచ్చా?" అన్నాడు ఆయన.

బెగిమాయ్ నాయనమ్మ వైపు తిరిగింది. "నీ చిన్నప్పుడు కొండమీద గడ్డి ఎంత ఎత్తు ఉండేదని అడుగుతున్నాడు."

బురుల్ కుర్చీ లాక్కుని కూర్చుంది. తెరలోని మనిషిని ఎగాదిగా చూసింది. "అన్నిచోట్లా ఒకేలా ఉంటుందా గడ్డి? వాగు పక్కన వేరు, ఎండవాలు వేరు. ఏ ఏడాది సంగతో ముందు చెప్పమను. మంచు ఎక్కువ పడిన ఏడాదా, తక్కువ పడిన ఏడాదా? ఉత్తరపు లోయ సంగతి నన్నడగొద్దని చెప్పు. అక్కడ నేను ఎప్పుడూ లేను. మా ఆడపడుచు ఉండేది."

బెగిమాయ్ ఒక్క మాట వదలకుండా ఇంగ్లిష్‌లో చెప్పింది. చెబుతూ ఐలీన్ గారి ముఖం చూసింది. ఐలీన్ గారు నోటికి చేయి అడ్డం పెట్టుకుని ఉంది. నెరిసిన గడ్డం ఆయన ఇంకో ప్రశ్న వేశాడు, ఆ తర్వాత ఇంకొకటి. ఇరవై నిమిషాల పరీక్ష గంటా పది నిమిషాలు నడిచింది. బురుల్ రెండుసార్లు కోప్పడింది. ఒకసారి తోక్తోసున్ ఒక ఏడాది తప్పు చెబితే సరిదిద్దింది. బెగిమాయ్ అటు నుంచి ఇటూ ఇటు నుంచి అటూ మాటలు అందిస్తూ, తను ఏ భాషలో మాట్లాడుతోందో కూడా గమనించకుండా మాట్లాడింది. చివర ఆయన తల వంచి బురుల్‌కి నమస్కరించాడు. "ఇతనికి ఎన్ని గొర్రెలున్నాయి?" అని ఆవిడ అడిగింది. ఒక్కటీ లేదని తెలిసి జాలిపడింది.

వాకిట్లో ఉడికిన మాంసాన్ని ఏం చేయాలన్నది తర్వాతి ప్రశ్న. రెండు గొర్రెలు కుండల్లో ఉన్నాయి, నలభైమంది వాకిట్లో ఉన్నారు, చనిపోయినవాళ్లు లేరు. ఒరోజ్ ఆలోచించి, వేసిన గుడారం ఎలాగూ సాయంత్రం తీస్తాం కాబట్టి విందు కానిచ్చేద్దామన్నాడు. దేనికి విందు అని ఎవరో అడిగారు. "నా పళ్లకి," అంది బురుల్. ఎవరూ కాదనలేదు. కొత్త పళ్లతో మాంసం నమలడం ఆవిడ వల్ల కాలేదు. జూపార్ తాలాయ్ కోసం కాచిన జావ గిన్నెను ఆవిడ ముందు పెట్టింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా పక్కపక్కనే కూర్చుని తిన్నారు. గుడారంలో నీళ్ల గురించి జూపార్ అన్న మాటను ఒరోజ్ వీధి సాక్షిగా గుర్తుపెట్టుకుంటానన్నాడు. ఏడుపులో అన్న మాటలు లెక్కలోకి రావని జూపార్ గొణిగింది.

ఆరింటికి బెగిమాయ్ ఫోనుకు ఉత్తరం వచ్చింది. నెగ్గింది. సెప్టెంబరు పదిహేనుకల్లా అక్కడ ఉండాలి. ఆమె గట్టిగా చదివి వినిపించింది. తాలాయ్ లేచి నిలబడి, ఏం చేయాలో తోచక మళ్లీ కూర్చున్నాడు.

"మరి నాకెన్ని మార్కులిచ్చారు?" అని అడిగింది బురుల్.

"నీకు వేరే ఉత్తరం రాస్తారట నాయనమ్మా. శీతాకాలంలో ఇంకా చాలా అడగాలట."

చుట్టాలు ఒక్కొక్కరే మాంసం పొట్లాలతో బయలుదేరారు. తోక్తోసున్ అందరికంటే ఆఖర్న లేచి, చూలు గుర్రం పగ్గం విప్పుకుని, గేటు దాకా వచ్చిన అక్క ముందు ఆగాడు.

"అక్కా, ఇక ఈ ఒరోజ్ మాట నేను నమ్మను. ఈసారి నువ్వే ఫోన్ చెయ్యి."

బురుల్ తప్పకుండా చేస్తానంది.